మహాత్మునికి కలం చేసిచ్చిన రాజమండ్రి స్వర్ణకారుడు

గోదావరి జిల్లాల్లో వయసు మళ్లిన ఏ పంతులుగారిని అడిగినా, ఏ ప్లీడరు గుమాస్తాను అడిగినా రత్నం కలం సంగతి చెబుతారు. నల్లగా, నున్నగా, చేతికి చల్లదనం తగలకుండా ఉండే కలం. చాలా ఇళ్లల్లో అది పెట్టెలో తాతగారి కళ్లజోడు పక్కన ఈనాటికీ ఉంటుంది. ఆ కలానికి తన పేరు ఇచ్చిన మనిషి శ్రీ కోసూరి వెంకటరత్నం. ఊరు రాజమండ్రి. వృత్తి బంగారపు పని. ఆయన కన్నుమూసి చాలా కాలమైంది. గాంధీగారు ఆయన్ను ఒక కోరిక కోరారు. ఆ కోరిక పూర్తిగా తీరడానికి పధ్నాలుగేళ్లు పట్టింది. ఆ పధ్నాలుగేళ్ల కథే ఇక్కడ చెప్పబోయేది.

ఈనాటి పిల్లలకు పెన్నంటే అయిదు రూపాయలకో పది రూపాయలకో కొని, అయిపోతే పారేసే వస్తువు. ఆనాడు అలా కాదు. పల్లెల్లో చదువు పలకా బలపంతో మొదలై చాలామందికి అక్కడే ముగిసేది. పాత తరాల వారు తాటాకు మీద గంటంతో రాసేవారు. కాగితం వచ్చిన తరువాత కరణాలు వెదురు పుల్లనో రెల్లు పుల్లనో వాలుగా చెక్కి, సిరాబుడ్డిలో ముంచి, దస్త్రాలు రాశారు. కరణీకాలు 1984లో పోయాయి గాని, ఆ రాత ఉన్న దస్త్రాలు ఇంకా కొన్ని చోట్ల కనిపిస్తాయి. ఆ తరువాత కర్రపుల్లకు ఇనుప పాళీ గుచ్చిన కలం వచ్చింది. పుల్ల ఏ చెక్కదైనా పాళీ సీమ నుంచి రావలసిందే. సిరాబుడ్డీ, అద్దుడు కాగితమూ పక్కనే ఉండాలి. నాలుగు మాటలు రాసి మళ్లీ ముంచుకోవాలి.

సిరాను తన కడుపులోనే దాచుకునే కలం, అంటే ఫౌంటెన్ పెన్ను, అమెరికాలో వాటర్‌మన్ అనే ఆయన 1884లో పేటెంటు పొందిన తరువాత లోకమంతా పాకింది. మన దేశానికి కూడా వచ్చింది. అయితే అది దొరల జేబుల్లోనూ, పెద్ద ఉద్యోగుల జేబుల్లోనూ ఉండే వస్తువు. పరదేశపు సరుకు, పరదేశపు ధర. స్వరాజ్యం కోసం ఉపన్యాసాలు రాసుకునే నాయకులు సైతం సీమ కలంతోనే రాసుకోవలసి వచ్చింది.

ఊరి వేడి

రత్నంగారు పని నేర్చుకున్న రాజమండ్రి ఏ రకమైన ఊరో కాస్త చెప్పాలి. 1907 ఏప్రిల్‌లో బిపిన్ చంద్రపాల్ గారు ఈ ఊరు వచ్చి స్వదేశీ మీద ఉపన్యాసాలు చేశారు. వాటిని తెలుగులో చెప్పినవారు చిలకమర్తి లక్ష్మీనరసింహంగారు. వందేమాతరం బిళ్లలు పెట్టుకొని తరగతికి వచ్చిన విద్యార్థులను ప్రభుత్వం వెళ్లగొట్టింది. గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారి ట్రైనింగు కాలేజీ చదువు ఆ గొడవలోనే పోయింది. దగ్గర్లోని సీతానగరంలో డాక్టర్ బ్రహ్మజోస్యుల సుబ్రహ్మణ్యంగారి గౌతమీ సత్యాగ్రహాశ్రమం వెలసింది. ఇటువంటి ఊళ్లో దుకాణంలో కూర్చుని పని చేసుకునే మనిషి చెవిన కూడా స్వదేశీ మాట పడకుండా ఉండదు.

రత్నంగారి పని సన్నపాటిది. బంగారపు పనిలో అచ్చులు చెక్కడం ఒక విద్య. ఇనుము మీదనో కంచు మీదనో పువ్వో, దేవుడి బొమ్మో, అక్షరమో తిరగవేసి చెక్కాలి. కుడి ఎడమ అవుతుంది, ఎత్తు పల్లమవుతుంది. అచ్చులో వెంట్రుకవాసి తేడా ఉంటే దాని మీద కొట్టిన ప్రతి వస్తువులోనూ ఆ తేడా కనబడుతుంది. ఇలా తలకిందులుగా చూసి చెక్కగలవాడికి కన్ను వేరు, చెయ్యి వేరు. ఈ సంగతి ఎందుకంటే, తరువాత కలం చేయడంలో ఆయనకు అక్కరకు వచ్చింది ఈ విద్యే.

1921లో బెజవాడలో కాంగ్రెస్ సమావేశాలు జరిగాయి. పింగళి వెంకయ్యగారు గాంధీగారికి జెండా సమర్పించినది అప్పుడే. రత్నంగారికి గాంధీగారి దర్శనం దొరికింది కూడా ఆ 1921లోనే. తన పనితనం ఆయనకు చూపించుకున్నారు. మహాత్ముడు పనిని మెచ్చుకున్నారు గాని, అంతటితో ఊరుకోలేదు. ఇంత చెయ్యి ఉన్నవాడివి, సామాన్యుడికి రోజూ పనికొచ్చే వస్తువు ఏదైనా ఈ దేశంలోనే ఎందుకు తయారుచేయకూడదని అడిగారు. గుండుసూది మొదలు కలం దాకా అన్నీ పై నుంచే వస్తున్నాయని ఎత్తిచూపారు. రాజమండ్రిలో తరతరాలుగా చెప్పుకునే విషయం ఇది.

ఆలోచించి చూస్తే అది పొగడ్త కాదు, ఒక రకంగా దెప్పిపొడుపే. నగలు చేయించుకునేవారు ఊరికి పదిమంది. మిగిలినవారికి నీ విద్య వల్ల ఏమి ఉపయోగం అన్నట్టు. ఆ రోజుల్లో గాంధీగారిని చూసి వచ్చినవారు వేలకు వేలు. చాలామంది ఖద్దరు కట్టారు, కొందరు జైలుకు వెళ్లారు. రత్నంగారు కలం ఎంచుకున్నారు.

ఎంచుకోవడం తేలిక. చేయడానికి నేర్పేవారు లేరు. బంగారానికి తండ్రి, తాత గురువులు. కమ్మచ్చు, దాయి, ఊదుగొట్టం, పట్టకారు పుట్టినప్పటి నుంచి ఎదురుగా ఉంటాయి. కలానికి అలా ఎవరున్నారు? సీమ కలాన్ని విప్పి చూసుకోవలసిందే. విప్పితే కనిపించేవి అయిదారు ముక్కలు. ఒక గొట్టం, ఒక మూత, ముందు భాగంలో పాళీని పట్టి ఉంచే చిన్న గొట్టం, పాళీ, పాళీ కింద గాట్లు పెట్టిన నల్లటి నాలుక, మూతకు క్లిప్పు. ఇంతే. కాని ఇంతలోనే చిక్కంతా ఉంది.

చెక్కతో ఎందుకు కాదు

ఇక్కడ మన ఊళ్ల వడ్రంగులకు ఒక సందేహం రావాలి. కలం గుండ్రటి కడ్డీయే కదా. తరిమెన మీద పెట్టి తిప్పి, ఉలి ఆనిస్తే చెక్క ఏ ఆకారమైనా వస్తుంది. మంచం కోళ్లు, ఊయల బల్ల కాళ్లు, బొంగరాలు అలాగే వస్తున్నాయి. విశాఖ వైపు వరాహ నది ఒడ్డున ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిమెన పట్టి, తిరుగుతున్న చెక్కకు లక్కకడ్డీ ఒత్తితే ఆ రాపిడి వేడికే లక్క కరిగి అంటుకుంటుంది. మొగలి ఆకుతో రుద్దితే అద్దంలా మెరుస్తుంది. అంత విద్య దగ్గర్లో ఉండగా కలం కూడా చెక్కతో చేస్తే పోయేది గదా అని.

చేయవచ్చు. ఈనాడు దేశదేశాల్లో చెక్క కలాలు సరదాగా చేసేవారు ఎందరో ఉన్నారు. కాని వారి పద్ధతి చూస్తే చిక్కు ఎక్కడుందో తెలుస్తుంది. టేకు, జిట్రేగి వంటి గట్టి చెక్కలు నోరు విప్పిన చెక్కలు. టేకు చేవను అడ్డంగా కోసి వెలుతురులో చూడండి, సూదితో పొడిచినట్టు రంధ్రాలు కనిపిస్తాయి. నిలువుగా కోస్తే అవే సన్నటి గీతలుగా కనబడతాయి. చెట్టు బ్రతికి ఉన్న రోజుల్లో నీళ్లు పైకెక్కిన గొట్టాలు అవి. తలుపు చెక్కకు వడ్రంగి పాలిష్ పెట్టేముందు లప్పం పట్టించేది ఆ నోళ్లు పూడ్చడానికే. పూడ్చకపోతే ఎన్ని పూతలు పూసినా గీతలు పైకి తేలుతూనే ఉంటాయి.

కలానికీ అంతే, ఇంకా ఎక్కువ. జానెడు కంటే చిన్న ముక్క తీసుకుని, మధ్యకు బరమాతో తొలిచి, లోపల ఇత్తడి గొట్టం జిగురుతో దిగవేస్తారు. ఇరుసుకు బిగించి తరిమెన పడతారు. ఉలి మొద్దుబారితే చెక్క తెగదు, పీచులు లేచి పెచ్చు ఊడుతుంది. కనుక మాటిమాటికి ఉలి సానపెట్టుకోవాలి. ఆకారం వచ్చాక గరుకు కాగితం పడతారు. మొదట ముతకది, ఆపై సన్నది, ఇంకా సన్నది. తరిమెన తిరుగుతుండగా రుద్దితే చుట్టూ గీతలు పడతాయి. అందుచేత ఒక్కొక్క కాగితం అయ్యాక తరిమెన ఆపి, చెక్క నార ఎటు ఉందో అటే నిలువుగా నాలుగుసార్లు రుద్దాలి. రంధ్రాలు పూడ్చడానికి అదే చెక్క పొట్టును సన్నగా చేసి, నూనెతోనో జిగురుతోనో కలిపి రుద్ది ఎక్కిస్తారు. వేరే చెక్క పొట్టు వాడితే రంగు కలవక మచ్చలు తేలుతాయి. ఆరనిచ్చి మళ్లీ రుద్దుతారు. ఒకసారికి పూడవు, రెండు మూడుసార్లు పట్టవచ్చు. చివర లక్క పూతో మైనమో పెట్టి గుడ్డతో మెరుగు తెస్తారు.

ఇంత చేసినా అది సిరా గొట్టానికి పైన వేసిన చొక్కా మాత్రమే. సిరా చెక్కను తాకదు, లోపల ఇత్తడి గొట్టం, దానిలో సిరా పెట్టుకునే వేరే ఏర్పాటు ఉంటాయి. రత్నంగారి కాలపు కలం అలాంటిది కాదు. గొట్టంలోనే నేరుగా సిరా పోసేవారు. చెక్కలో సిరా పోస్తే ఆ రంధ్రాల వెంట పీల్చుకుంటుంది. తడికి ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుంటుంది. మన గోదావరి ప్రాంతంలో వానాకాలంలో తలుపులు బిగుసుకోవడం అందరికీ తెలిసిందే. కలం మూతకు, గొట్టానికి సన్నటి మరలు కోయాలి. ఆ సన్నని మర నోరు విప్పిన చెక్కలో నిలవదు, నార వెంట పొడి పొడిగా రాలిపోతుంది. మర నిలవని చోట సిరా నిలవదు.

కాబట్టి కలం చేసేవారంతా పట్టుకున్న పదార్థం ఎబొనైట్. ఇది రబ్బరే. మామూలు రబ్బరులో గంధకం కొద్దిగా కలిపి ఉడికిస్తే టైర్లకు పనికివచ్చే రబ్బరు అవుతుంది. అది కనిపెట్టినవాడు అమెరికాకు చెందిన ఛార్లెస్ గుడియర్. గంధకం బాగా పెంచి, రబ్బరు బరువులో మూడోవంతు దాకా కలిపి, చాలా గంటలు వేడిలో ఉంచితే సాగే గుణం పోయి కొమ్ములా గట్టిపడుతుంది. దీనికి గుడియర్ తమ్ముడు నెల్సన్ 1851లో పేటెంటు తీసుకున్నాడు. నల్లగా నిగనిగలాడుతుంది కనుక ఎబొనీ చెక్క పేరే దానికి పెట్టారు. ఆ చెక్క మనకు కొత్తది కాదు. మన ఏజెన్సీ అడవుల్లో బీడీ ఆకు కోసే తునికి చెట్టు ఆ జాతిదే. ముదిరిన తునికి మాను నడిమి చేవ నల్లగా ఉంటుంది. అంటే చెక్కను చూసి పేరు పెట్టిన రబ్బరు ఇది. చెక్కలాగే తరిమెనకు లొంగుతుంది. కాని దానికి నార లేదు, రంధ్రం లేదు, సిరా పీల్చదు, కోసిన మర కోసినట్టు నిలుస్తుంది. పైగా సిరా దాని మీద గాజు మీదలా జారిపోకుండా సన్నగా పరుచుకుంటుంది. పాళీ కింది నాలుకకు ఈ గుణమే ప్రాణం.

చేతి పని

రత్నంగారు 1932 నాటికి కలాలు తయారుచేయగలిగారు. రత్నం పెన్ వర్క్స్ లెక్క ఆ ఏడు నుంచే మొదలు. మధ్యలో గడిచిన పదకొండేళ్లు ఎలా గడిచాయో పనివాళ్లకు వేరే చెప్పనక్కరలేదు. కడుపుకు బంగారపు పని, మిగిలిన పొద్దు తరిమెన దగ్గర.

ఎబొనైట్ కడ్డీని కావలసిన పొడవుకు కోసి, మధ్యకు తొలుస్తారు. తొలిచేటప్పుడు బరమా ఒక్క నూలు పక్కకు జరిగినా గొట్టం ఒకవైపు పలచబడుతుంది. ఉలి ఆనిస్తే నల్లటి పొట్టు రిబ్బనులా చుట్టలు చుట్టుకుంటూ రాలుతుంది. వేడెక్కితే గంధకం వాసన. ఆ వాసన పట్టిన దుకాణాన్ని కళ్లు మూసుకుని కూడా గుర్తుపట్టవచ్చు. మరలు కోసేటప్పుడు మూత లోపలి మర, గొట్టం పై మర ఒకదానికొకటి సరిపోవాలి. ఒకే రకం కలాలైనా ఒకదాని మూత ఇంకొకదానికి పట్టకపోవడం చేతిపని కలాల్లో చూస్తుంటాం. ఆ మూతా ఆ కలమూ జంటగా పుట్టినవి. తరువాత గరుకు కాగితం, ఆపైన మెరుగు గుడ్డ.

అసలు పరీక్ష నాలుక దగ్గర. కలం రాస్తుంటే గొట్టంలో సిరా తగ్గుతుంది. తగ్గిన చోటికి గాలి చేరాలి. చేరకపోతే సిరా దిగదు, కలం ఆగిపోతుంది. ఎక్కువ చేరితే సిరా ఒక్కసారి దిగి కాగితం మీద పెద్ద మరక పడుతుంది. సిరా దిగడానికి, గాలి ఎక్కడానికి దారి ఒక్కటే, అదే నాలుక మీద కోసిన సన్నటి గాడి. దాని వెడల్పు, లోతు కంటికి సరిగా ఆననంత సన్నం. గొట్టంలో సిరా అడుగంటినప్పుడు చేతి వేడికి లోపలి గాలి ఉబ్బి సిరాను బయటకు నెడుతుంది. సగం ఖాళీ అయిన కలం చొక్కా జేబు పాడుచేయడానికి కారణం అది. రబ్బరు నాలుక పక్కల దువ్వెనలా పెట్టే గాట్లు ఆ మిగులు సిరాను పట్టి ఉంచడానికే.

పాళీ మాత్రం స్వర్ణకారుడి చేతిలోకే వచ్చి పడింది. రేకును పలచగా కొట్టడం, కత్తిరించడం, ఒంపు తీయడం ఆయనకు కొత్త కాదు. పాళీ నడిమి చీలిక వెంట్రుక కంటే సన్నంగా ఉండాలి. రెండు కొనలూ సమంగా కలవాలి. ఒకటి పైకి ఒకటి కిందికి ఉంటే కాగితం గీరుకుంటుంది. రత్నం అని చెక్కిన బంగారు పాళీలు తరువాతి కాలంలో కలం ప్రియులకు అపురూపమయ్యాయి. ఆనాటి స్వర్ణకారులు గురిగింజ ఎత్తు బంగారంతో వ్యవహారం నడిపినవారు. అంత సున్నితం అలవాటైన చేతికే పాళీ లొంగింది. నా ఉద్దేశం ప్రకారం ఈ కథలో ముఖ్యమైన కీలకం ఇదే. కలం చేయడానికి ఇంజనీరో కార్ఖానా యజమానో కాక ఒక అచ్చు చెక్కే మనిషి ముందుకు రావడం వింత కాదు. కలంలో కష్టమైన భాగాలన్నీ అచ్చు పని వంటివే.

వార్ధా నుంచి ఉత్తరం

1933 చివర గాంధీగారు హరిజన యాత్ర మీద ఆంధ్రదేశం తిరిగారు. మరుసటి ఏడు డిసెంబరులో అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘం ఏర్పడింది. వార్ధాలో దాని కేంద్రం. కార్యదర్శి జె.సి. కుమారప్పగారు. తంజావూరులో పుట్టి, లెక్కల చదువు లండన్‌లో, ఆర్థిక శాస్త్రం అమెరికాలో చదివి వచ్చి, పల్లె పరిశ్రమలకే జీవితం అంకితం చేసిన పెద్దమనిషి. నూనె గానుగ, దంపుడు బియ్యం, చేతి కాగితం, తేనెటీగలు, ఇవన్నీ ఆ సంఘం పట్టించుకున్న విషయాలు.

గాంధీగారికి కలం మీద పట్టింపు చాలా ఉండేది. చేతిరాత బాగుండకపోవడం చదువులో లోపమని ఆయన నమ్మకం. తన దస్తూరీ బాగుండదని తానే బాధపడేవారు. రోజూ రాసే ఉత్తరాలకు లెక్క ఉండేది కాదు. 1909లో ఇంగ్లండు నుంచి దక్షిణాఫ్రికాకు ఓడలో వస్తూ హింద్ స్వరాజ్ రాసినప్పుడు కుడిచెయ్యి అలసిపోతే ఎడమ చేత్తో కొనసాగించారు. గ్రామ పరిశ్రమల పని మొదలైన తరువాత రెల్లు కలం, పల్లెల్లో చేసిన సిరా, చేతి కాగితం వాడాలని ప్రచారం చేశారు. అటువంటి మనిషికి ఫౌంటెన్ పెన్ను పంపడం అంటే తేలిక సంగతి కాదు. ఇందులో పరదేశపు ముక్క ఏదైనా ఉందా అన్నది ఆయన మొదట అడిగే మాట. గొట్టం ఇక్కడ తిప్పి, పాళీ సీమ నుంచి తెప్పించి బిగిస్తే అది స్వదేశీ అనిపించుకోదు. మూతకు ఒక పేరు, లోపల ఇంకొకటి అనేది ఆయన దగ్గర చెల్లదు.

రత్నంగారు కలాన్ని కుమారప్పగారి ద్వారా పంపారు. మహాత్ముడు దానితో రాసి చూశారు. 1935 జూలై 16న వార్ధా నుంచి రత్నంగారికి ఇంగ్లీషులో ఉత్తరం రాశారు. కుమారప్పగారు తెచ్చిన కలం అందిందని, దానిని వాడానని, బజార్లలో కనిపించే పరదేశపు కలాలకు ఇది మంచి ప్రత్యామ్నాయంగా కనిపిస్తున్నదని ఆ ఉత్తరం సారాంశం. నాలుగైదు పంక్తుల కంటే లేదు. మహాత్ముడు మాటలు పొదుపుగా వాడేవారు. ముందు వాడి చూసి, తరువాత అభిప్రాయం చెప్పడం అందులో గమనించదగింది. పనివాడికి ఇంతకు మించిన గౌరవం ఏముంటుంది? సన్మానపత్రాలు వాడకుండానే ఇస్తారు.

1921లో అడిగిన దానికి 1935లో రసీదు వచ్చింది. ఆ ఉత్తరాన్ని రత్నంగారి కుటుంబం అపురూపంగా కాపాడుకుంటూ వచ్చింది.

ఈ సందర్భంలో ఒక మాట చెప్పకుండా ఉండలేను. రత్నం కలమే దేశంలో మొట్టమొదటి దేశవాళీ ఫౌంటెన్ పెన్నని సభల్లో చెబుతుంటారు, పుస్తకాల్లో రాస్తుంటారు. అభిమానం కొద్దీ అనే మాట గాని, ఆ లెక్క అంత సులువు కాదు. వంగదేశ స్వదేశీ ఉద్యమం రోజుల్లోనే కలకత్తాలో ఎఫ్.ఎన్. గుప్తా కంపెనీ కలాలు చేసింది. కాశీలో రాధికానాథ్ సాహా అనే ఆయన లక్ష్మీ స్టైలో పెన్ను పేరుతో చేసి పేటెంట్లు కూడా పొందారు. వాళ్లకు దక్కవలసిన పేరు వాళ్లకు దక్కాలి. రత్నంగారికి ఎవరి పేరూ అరువు తెచ్చుకోవలసిన అవసరం లేదు. మహాత్ముడి చేతిలో పరీక్షకు నిలిచిన కలం ఆయనది. అది చాలు.

ఆ తరువాత

ఉత్తరం సంగతి పాకిన తరువాత రాజమండ్రి కలానికి గిరాకీ వచ్చింది. కోటగుమ్మం దగ్గరకు వెళ్లి రత్నం కలం కొనుక్కోవడం గోదావరి పుష్కరాలకు వచ్చినవారికి కూడా ఒక పనిగా మారింది. స్వాతంత్ర్యం వచ్చాక పరదేశపు సరుకు దిగుమతి మీద ప్రభుత్వం ఆంక్షలు పెట్టడంతో దేశవాళీ కలాలకు మంచి రోజులు వచ్చాయి. ఈ ఊళ్లోనే గైడర్ కలాలు కూడా వెలిశాయి. ఎబొనైట్ తిప్పే విద్య కొద్ది ఇళ్లదే అయినా రాజమండ్రికి కలాల ఊరనే పేరు తెచ్చింది.

ఇంకో అలవాటు రత్నం కలాలకు ప్రత్యేకం. కొనుక్కున్నవారి పేరు గొట్టం మీద చేత్తో చెక్కి ఇచ్చేవారు. అచ్చులు చెక్కిన చేతికి అది పెద్ద పని కాదు. పెళ్లికొడుక్కి మామగారు పెట్టే కానుకల్లో, పదవీ విరమణ చేసే హెడ్మాస్టరుకు పిల్లలు చందాలు వేసి ఇచ్చే బహుమతుల్లో పేరు చెక్కిన కలానికి చోటు దొరికింది.

బాల్ పాయింటు పెన్ను రావడంతో కథ మారింది. హంగేరీ దేశస్థుడు బీరో 1938లో దానికి పేటెంటు పొందాడు. మన పల్లెలకు రావడానికి చాలా ఏళ్లు పట్టింది. వచ్చిన కొత్తల్లో దస్తూరీ చెడిపోతుందని పంతుళ్లు బడిలో వాడనిచ్చేవారు కాదు. పరీక్షలకు ముందు రోజు కలం కడిగి, సిరా నింపి, గీసి చూసుకోవడం ఒక తరం పిల్లలకు దేవుడికి దణ్ణం పెట్టుకోవడం లాంటిది. ఆ కట్టడి సడలింది. అచ్చులో పోసి క్షణానికొకటి తీసే ప్లాస్టిక్ కలంతో పోటీపడి, కడ్డీ తొలిచి తిప్పే కలం ధరలో ఎక్కడ నిలుస్తుంది? తరిమెన దగ్గర కూర్చుని నేర్చుకునే కుర్రవాళ్లు తగ్గిపోయారు. రోజుకు చేయగలిగే కలాలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. నేర్చుకోవడానికి ఏళ్లు. ఆ ఓపిక ఉన్నవాడికి వేరే చోట అంతకంటే ఎక్కువ కూలి దొరుకుతుంది. ఈ పని తగ్గిపోవడంలో ఆశ్చర్యం లేదు.

అయినా పూర్తిగా ఆగలేదు. రత్నంగారి తరువాత ఆయన వారసులు పని కొనసాగించారు. ఆ పేరుతో చేతిపని కలాలు రాజమండ్రిలో నేటికీ తయారవుతున్నాయి. ఇటీవలి కాలంలో దూరదేశాల నుంచి కలం ప్రియులు రాసి తెప్పించుకుంటున్నారు. ఒకప్పుడు పరదేశపు కలానికి బదులుగా పుట్టిన వస్తువు పరదేశాలకు వెళుతోంది. విడ్డూరమే.

ఇంట్లో పాత రత్నం కలం ఉన్నవారికి ఉపయోగపడే నాలుగు మాటలు ఇక్కడ రాస్తున్నాను. ఎండిన సిరా పట్టి ఉంటే చన్నీళ్లలో ఒక రాత్రి పాళీ భాగం మాత్రం నానబెట్టండి, నీళ్లు రెండు మూడుసార్లు మార్చండి. వేడినీళ్లు పోయకూడదు, ఎబొనైట్ రంగు మారి ముతక వాసన వేస్తుంది, ఒంపు కూడా తిరగవచ్చు. బలవంతంగా మర తిప్పవద్దు, నానితే అదే వదులుతుంది. ఎండలో, కిటికీ గట్టు మీద ఉంచవద్దు. ఎండకీ తడికీ గంధకం పైకి తేలి నలుపు పోయి ఆకుపచ్చ కలిసిన గోధుమ రంగుకు తిరుగుతుంది. అలా రంగు తిరిగిన కలాన్ని సన్నటి గరుకు కాగితంతో రుద్దితే కింద నలుపు మళ్లీ బయటపడుతుంది. కాని గొట్టం మీద తాతగారి పేరు చెక్కి ఉంటే రుద్దవద్దు. ఆ అక్షరాలు లోతుగా ఉండవు, రంగుతో పాటే పోతాయి. రంగు తిరిగినా దాని రాతకు ఏమీ లోటు ఉండదు.